వెన్నులోకి నేరుగా మందు పంపే నొప్పి పంపు: బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న బరంపురంలో పట్టు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని 40 ఏళ్ళు నేసిన మనిషి. నడుముకి రెండు ఆపరేషన్లు అయ్యాక కూడా నొప్పి పోలేదు, నాలుగేళ్ళ కింద పొట్ట దగ్గర చర్మం కింద పంపు పెట్టించాం, అది వెన్నులోకి కొద్దికొద్దిగా మందు వదుల్తా ఉంటుంది. అప్పట్నించి ఇచ్ఛాపురం నుంచి రాయగడ దాకా, ఒడిశా సరిహద్దులో ఉన్న మన తెలుగోళ్ళలో ఎవరికి డాక్టరు ఈ మాట చెప్పినా ఫోన్ నాకే వస్తోంది. అవే ప్రశ్నలు, అవే జవాబులు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాను, డోసు సంగతి మీ డాక్టరే చూస్తారు, మిగతా గోల చాలావరకు పడ్డాం కాబట్టి చెప్పగలను.

అసలు ఇదేంటి? కడుపులో మోటారు పెడతారంట కదా?

మా పక్కింటి పిన్ని కూడా వీధంతా ఇదే చెప్పింది, "బావగారికి కడుపులో బోరు మోటారు పెట్టించారంట" అని. మోటారు ఉన్న మాట నిజమే గానీ బోరుది కాదు. ఇడ్లీని టైటానియంతో చేస్తే ఎలా ఉంటుందో అంత సైజు, అంత మందం. అందులో మందు నిలవుండే అర ఒకటి, బ్యాటరీ, మందుని కొలిచి తోసే చిన్న యంత్రం. కడుపు లోపల కూడా కాదు, పొట్ట మీద చర్మం కింద చిన్న సంచిలా చేసి అందులో పెడతారు. అక్కణ్ణించి సన్నటి గొట్టం చర్మం కిందనుంచే నడుం చుట్టూ వెనక్కి పోయి, వెన్నుపూసల మధ్యలోంచి వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి దిగుతుంది. ఆ గొట్టం పేరు క్యాథెటర్. ఆపరేషన్‌కి ముందు డాక్టరు గారు శాంపిల్ చూపిస్తే నాన్న వేళ్ళ మధ్య నలిపి చూసి "పురికొస కంటే సన్నంగుందిరా, ఇది తెగదా?" అని అడిగాడు. నేతగాడు కదా, మొదటి అనుమానం పోగు తెగుద్దేమో అనే. ఆ అనుమానం తప్పేం కాదు, కింద చెప్తా.

కాగితాల మీద ఇంట్రాథీకల్ పంపు అని రాస్తారు. ఆసుపత్రిలో అందరూ పెయిన్ పంపు అంటారు.

మార్ఫిన్ మాత్ర మింగితే సరిపోయేదానికి ఇంత తతంగం ఎందుకు?

నొప్పి కబురు కాలు నుంచో నడుము నుంచో మెదడుకి ఎక్కేముందు వెన్నుపాములో ఒకచోట ఆగి వెళ్తుంది. గిరిసోల చెక్‌పోస్టు అనుకోండి, ఆంధ్రాలోంచి ఒడిశాలోకి వచ్చే లారీ ఏదైనా అక్కడ స్లో అవ్వాల్సిందే. నల్లమందులోంచి తీసే నొప్పి మందు మార్ఫిన్, దాన్ని పట్టుకునే గ్రాహకాలు ఆ చోట గుత్తులు గుత్తులుగా ఉంటాయి. 1976లో ఎలుకల వెన్నులోకి మార్ఫిన్ పంపి ఈ సంగతి తేల్చారు, 1979లో క్యాన్సర్ నొప్పితో ఉన్న మనుషులకి ఇచ్చి చూశారు, పనిచేసింది.

మాత్ర మింగితే అది పేగుల్లోంచి లివర్‌కి పోయి, అక్కడ సగం పైనే పాడై, మిగిలింది రక్తంలో ఒళ్ళంతా తిరిగి, ఎక్కడో చివర చెక్‌పోస్టుకి కాస్త చేరుతుంది. ఈలోగా మలబద్ధకం, మగత, వాంతులు అన్నీ వచ్చి కూర్చుంటాయి. డాక్టర్లు వాడే మోటు లెక్క ఏంటంటే నోటితో 300 మిల్లీగ్రాములు చేసే పని వెన్నులోకి నేరుగా పంపితే 1 మిల్లీగ్రాముతో అవుతుంది. ఇది అంచనా లెక్కే, మనిషి మనిషికి మారుద్ది, అందుకే మొదలుపెట్టేటప్పుడు అంతకంటే తక్కువతోనే మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతారు.

మా అమ్మాయి డెలివరీకి వెన్నుకి ఇంజెక్షన్ ఇచ్చారు, ఇదీ అదీ ఒకటేనా?

చోటు ఒకటే, పని వేరు. సిజేరియన్‌కి ఇచ్చేది మత్తుమందు, రెండు మూడు గంటల్లో దిగిపోద్ది. పంపు రోజూ 24 గంటలూ అతి కొంచెం మందు వదులుతుంది, కాళ్ళు మొద్దుబారవు, నడవగలరు. ఇక నడుం నొప్పికి "వెన్నులో ఇంజెక్షన్" అని చాలామంది చేయించుకునేది ఎపిడ్యూరల్ స్టెరాయిడ్, అది వెన్నుపాము పొర బయటే ఆగిపోతుంది, లోపలికి పోదు.

వెన్నులోకి మందు పంపడం అనేది కొత్త ఆలోచనేం కాదు. 1898లో ఆగస్ట్ బియర్ అనే జర్మన్ సర్జన్ కొకైన్‌తో మొదలుపెట్టాడు, తన మీదే చేయించుకుందామని అసిస్టెంట్‌తో గుచ్చించుకుంటే సూదికి సిరంజి సరిగ్గా కుదరక వెన్ను నీరంతా కారిపోయింది. అప్పుడు ఆయనే అసిస్టెంట్‌కి గుచ్చి, మొద్దుబారిందో లేదో చూడ్డానికి ఆ పిల్లాడి ముంగాలి ఎముక మీద సుత్తితో కొట్టాడు. నొప్పి తెలీలేదు గానీ తర్వాత ఇద్దరికీ భయంకరమైన తలనొప్పి. ఆ తలనొప్పి ఇప్పటికీ వస్తది, పంపు పెట్టిన కొత్తల్లో కూచుంటే తల పగిలిపోతూ పడుకుంటే తగ్గితే అదే అన్నమాట, వెన్ను నీరు బయటికి కారుతోందని అర్థం, డాక్టరుకి చెప్పాలి.

ఏ మందులు పోస్తారు అందులో?

ఎక్కువగా మార్ఫిన్. మామూలు ఇంజెక్షన్ మార్ఫిన్ కాదు, నిలవ ఉండటానికి కలిపే రసాయనాలు లేనిది కావాలి, ఈ మాట గుర్తుపెట్టుకోండి, రీఫిల్ (పంపులో మందు మళ్ళీ నింపడం) దగ్గర మళ్ళీ వస్తది. కొందరికి హైడ్రోమార్ఫోన్, మొద్దుబార్చే బూపివకైన్, బీపీ మందు క్లోనిడిన్ లాంటివి కలిపో విడిగానో ఇస్తారు. నొప్పి కాకుండా కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయే జబ్బు ఉన్నోళ్ళకి బాక్లోఫెన్ పోస్తారు. ఇంకోటి జికోనోటైడ్, అది సముద్రపు నత్త విషంలో దొరికిన పదార్థానికి నకలు, అమెరికాలో 2004 చివర్లో ఒప్పుకున్నారు, నల్లమందు జాతి కాదు కాబట్టి ఊపిరి మందగించదు, కానీ బుర్రకి ఎక్కే గుణం ఉంది, గందరగోళం, లేనివి కనబడటం వస్తాయి, మానసిక జబ్బు ముందునుంచి ఉన్నోళ్ళకి ఇవ్వరు. గోపాలపురం బీచ్‌లో నత్తగుల్లలు ఏరుకునేటప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ విషపు జాతి నత్తల్ని మాత్రం బతికున్నప్పుడు చేత్తో పట్టుకోకూడదు.

నాకు పెడతారా?

నడుం నొప్పి ఉన్న ప్రతివాళ్ళకీ పెట్టరు. మాత్రలు, ఫిజియో, ఇంజెక్షన్లు, అవసరమైతే ఆపరేషన్, అన్నీ అయ్యాక కూడా బతుకు నడవనివ్వని నొప్పి ఉంటే, లేదా మాత్రలు పనిచేస్తున్నా సైడ్ ఎఫెక్టులు తట్టుకోలేకపోతే అప్పుడు మాట్లాడతారు. వెన్ను ఆపరేషన్ అయ్యాక మిగిలిపోయిన నొప్పి, క్యాన్సర్ నొప్పి, దెబ్బ తగిలిన చెయ్యో కాలో నెలలు గడిచినా మండిపోయే ప్రాంతీయ నొప్పి జబ్బు, ఇలాంటివి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే పెట్టరు, రక్తం పలచబడే మందులు ఆపడం కుదరకపోతే పెట్టరు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే చాలా ఆలోచిస్తారు. రీఫిల్‌కి టైముకి రాలేనోళ్ళకి కూడా పెట్టకూడదు, నా ఉద్దేశంలో మనవైపు అన్నింటికంటే ముందు అడగాల్సింది ఇదే, కానీ దీన్ని ఎవరూ గట్టిగా అడగరు, మేమూ అడగలేదు.

డాక్టరు దగ్గర నొప్పి ఎలా చెప్పాలి? అక్కడ ఒడియా, ఇక్కడ తెలుగు, కాగితం మీద ఇంగ్లీషు...

ఇది మనకి మాత్రమే ఉన్న తలనొప్పి, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి: పోటు, సలుపు, లాగుడు, పీకుడు, గుంజుడు, మంట, తిమ్మిరి, జివ్వుమనడం, సూదులతో పొడిచినట్టు. ఇవన్నీ ఒకటి కాదు, డాక్టరుకి ఒక్కోటి ఒక్కో ఆచూకీ. మంట, తిమ్మిరి, కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం నరం దెబ్బతిన్న నొప్పికి గుర్తులు. వంగితే పట్టేసి, పడుకుంటే తగ్గే లాగుడు ఎక్కువగా ఎముక, కండ వైపుది. వాటికి వాడే మందులు వేరు.

నాన్న మొదట మనవైపు పెద్దాసుపత్రిలో "అంటా బిందుచి" అని ఒక్క ముక్క చెప్పేవాడు, అంటే ఒడియాలో నడుం నొప్పి అని, అక్కడితో సరి. ఎడమ పిక్కలో కారం రాసినట్టు మంట అన్న సంగతి రెండేళ్ళ దాకా ఏ కాగితం మీదకీ ఎక్కలేదు, ఎందుకంటే దాన్ని ఆయన తెలుగులోనే అనుకునేవాడు, డాక్టరుతో తెలుగు మాట్లాడేవాడు కాదు. మంటకి ఒడియాలో "జళాపొడా" అంటారు, తిమ్మిరికి "ఝిమ్‌ఝిమ్" అంటే అర్థమవుద్ది. నేనైతే ఒక కాగితం మీద మనిషి బొమ్మ గీసి ఎక్కడ మంట, ఎక్కడ పోటు అని రంగు పెన్సిళ్ళతో పూసి ఇచ్చా, ఏ భాష డాక్టరుకైనా అర్ధ నిమిషంలో ఎక్కింది. పదికి ఎంత అని అడిగితే అందరూ పది అనేస్తారు, దానికంటే "మునుపు టీ కొట్టు దాకా నడిచేవాణ్ణి, ఇప్పుడు గుమ్మం దాటలేను" లాంటివి చెప్పండి, పంపు పెట్టాక తేడా కొలవడానికి కూడా అవే పనికొస్తాయి.

ట్రయల్ అంటున్నారు, అదేంటి?

పంపు పెట్టే ముందు వెన్నులోకి ఒకసారి మందు ఇచ్చి చూడటమో, తాత్కాలికంగా గొట్టం వేసి రెండు మూడు రోజులు ఉంచి చూడటమో చేస్తారు. నొప్పి సగమైనా తగ్గిందా, పనులు చేసుకోగలుగుతున్నారా, ఊపిరి, మూత్రం బావున్నాయా అని చూస్తారు. మానసిక వైద్యుడితో కూడా మాట్లాడిస్తారు. నాన్నకి దాని మీద కోపం వచ్చేసింది, "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని. పిచ్చి గురించి కాదు, పంపు మీద ఆశ ఏ మేరకు పెట్టుకున్నారో చూడటానికి అని డాక్టరు గారే కూచోబెట్టి చెప్పారు. ట్రయల్లో పనిచెయ్యకపోతే పంపు పెట్టించుకోకండి, ఎవరెంత చెప్పినా సరే.

ఆపరేషన్ పెద్దదా?

ఒకటి రెండు గంటల పని. వీపు మీద చిన్న గాటు, పొట్ట మీద ఒక గాటు. తర్వాత ఆరు వారాలు వంగడం, మెలి తిరగడం, బరువులెత్తడం వద్దంటారు, ఎందుకంటే గొట్టం చుట్టూ కండ పట్టుకునేదాకా అది జారిపోవచ్చు.

పెట్టించుకుంటే నొప్పి మొత్తం పోద్దా?

పోదు. సగం తగ్గితే బాగా పనిచేసినట్టే లెక్క. మూడు నెలలయ్యాక నాన్నని అడిగా, ఎలా ఉందని. "పోనేదురా, ఉంది, కానీ మీద కూకోడం మానీసింది" అన్నాడు. నాకు ఇంతకంటే బాగా ఇంకెవరూ చెప్పలేదు.

రీఫిల్ అంటే ఏంటి, ఎన్నాళ్ళకోసారి?

పంపులో 20 లేదా 40 మిల్లీలీటర్ల మందు పడుతుంది. ఎంత చిక్కగా కలిపారు, రోజుకి ఎంత వదులుతున్నారు అన్నదాన్ని బట్టి నెల నుంచి ఆరు నెలల్లోపు అయిపోద్ది. నాన్నకి మూడు నెలలకోసారి. పొట్ట మీద పంపు మధ్యలో చిన్న రబ్బరు మూత ఉంటుంది, చర్మం మీద అచ్చు పెట్టి చోటు చూసుకుని, ప్రత్యేకమైన సూదితో దాంట్లోకి గుచ్చి, మిగిలిన పాత మందు లాగేసి, ఎంత మిగిలిందో కొలిచి, కొత్త మందు పోస్తారు. పాత మందు అనుకున్న దానికంటే ఎక్కువ మిగిలితే గొట్టం ఎక్కడో మెలిపడిందనో పంపు సరిగ్గా తొయ్యట్లేదనో అనుమానించాలి. తర్వాత టాబ్ లాంటి దాంతో ప్రోగ్రాం సరిచేసి, వచ్చే రీఫిల్ తారీఖు రాసిస్తారు. అరగంట పని. కానీ అయిపోగానే లేచి వచ్చెయ్యొద్దు, కాసేపు అక్కడే కూచోబెట్టమనండి. సూది మూతలోకి కాకుండా పక్కకి పోయి మందు చర్మం కింద చేరితే మూడు నెలల మందు ఒక్కసారి ఒంట్లోకి ఎక్కేస్తది, మగత, ఊపిరి మందగించడం అన్నీ అక్కడే బయటపడాలి గానీ ట్రైన్‌లో కాదు.

ఇప్పుడు అసలు కథ. మా పంపు పెట్టింది బోర్డరు అవతల పెద్ద ఊళ్ళో, బరంపురం నుంచి రైల్లో నాలుగైదు గంటలు, పర్లాకిమిడి, గుణుపురం వైపోళ్ళకైతే ఇంకా తిప్పలు. మూడో రీఫిల్‌కి వెళ్తే కౌంటర్లో "ఆ మార్ఫిన్ స్టాక్ లేదు, వచ్చే వారం రండి" అన్నారు, వారం ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళాం, ఉందనే చెప్పారు. నాన్నని లాడ్జిలో పడుకోబెట్టి నేను మూడు రోజులు ఆ కౌంటరు చుట్టూ తిరిగా, ఆఖరికి డాక్టరు గారే ఎక్కడినుంచో తెప్పించారు. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, అక్కడి డాక్టరు మంచివాడే, స్టోరు కథ వేరు. ఆ దెబ్బకి నేను నేర్చుకున్నది ఏంటంటే తారీఖుకి పది రోజుల ముందే వెళ్ళే ఏర్పాటు చేసుకోవాలి, ఫోన్లో "ఉంది" అంటే నమ్మకుండా మన పేరు మీద పక్కన పెట్టారా అని అడగాలి. పంపు పెట్టించుకునే ముందే డాక్టర్ని అడగండి: మీరు సెలవులో ఉంటే ఎవరు పోస్తారు, మా ఊరికి దగ్గర్లో ఇంకెవరైనా పోయగలరా, మందు మీ స్టోర్లో ఎప్పుడూ ఉంటుందా. జవాబు తడబడితే ఇంకో చోట చూడండి.

తారీఖు దాటిపోతే ఏమవుద్ది?

పంపు మోగుద్ది. మందు తగ్గిపోతుంటే ఒక రకంగా కూస్తుంది, పూర్తిగా అయిపోయినా పంపు ఆగినా ఇంకో రకంగా. ఠాకురాణీ జాతరప్పుడు రాత్రి పది దాటాక వీధిలో డప్పులు, బాణాసంచా, ఇంట్లో చుట్టాలు, మధ్యలో సన్నగా "పీ పీ" అని చప్పుడు. అందరూ ఫోన్లు చూసుకున్నారు, ఎవరిదీ కాదు. మా మావయ్య టీవీ రిమోట్ దగ్గర చెవి పెట్టాడు. ఆఖరికి మా చెల్లి కూతురు నాన్న పొట్ట మీద చెవి పెట్టి "తాతయ్యే మోగుతున్నాడు" అంది. అది మందు తగ్గిందన్న కూతే, ఇంకా రోజులున్నాయి, మర్నాడు బయల్దేరి వెళ్ళాం. ఆ కూతలు రెండూ ఎలా ఉంటాయో పంపు పెట్టినప్పుడే వినిపించమనండి, ఇంట్లో అందరూ వినాలి.

మార్ఫిన్ హఠాత్తుగా ఆగిపోతే చెమటలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, వణుకు, నొప్పి రెండింతలు. దారుణంగా ఉంటుంది గానీ మాత్రలిచ్చి కాపాడొచ్చు. బాక్లోఫెన్ అలా కాదు, ఉన్నట్టుండి ఆగితే ఒళ్ళంతా దురద, విపరీతమైన జ్వరం, బిగుసుకుపోవడం, ఫిట్స్, ప్రాణం కూడా పోవచ్చు. బాక్లోఫెన్ పంపు ఉన్నోళ్ళు నోటి బాక్లోఫెన్ మాత్రలు ఇంట్లో ఉంచుకోవాలా అని డాక్టర్ని అడిగి రాయించుకోండి.

మనకి కరెంటు పోతుంది, తుఫానులొస్తాయి, పంపు ఆగిపోదా?

కరెంటుకీ దీనికీ సంబంధం లేదు, బ్యాటరీ లోపలే ఉంది, చార్జింగ్ పెట్టక్కర్లేదు. తుఫాను భయం మాత్రం నిజమైనదే, పంపుకి కాదు, రోడ్డుకి. ఫైలిన్ 2013 అక్టోబర్లో, తిత్లీ 2018 అక్టోబర్లో వచ్చాయి, తిత్లీకి గజపతి జిల్లా కొండ ఊళ్ళు రోజుల తరబడి తెగిపోయాయి. అందుకే అక్టోబర్, నవంబర్లో పడే రీఫిల్‌ని మేం రెండు వారాలు ముందే చేయించుకుంటాం. డాక్టరుకి కారణం చెప్తే నవ్వారు గానీ ఒప్పుకున్నారు.

మార్ఫిన్ అంటే అలవాటైపోదా? పోలీసు కేసు అవ్వదా?

ఒంటికి అలవాటవడం వేరు, దానికోసం మనిషి దిగజారిపోవడం వేరు. మొదటిది దాదాపు అందరికీ అవుద్ది, అందుకే హఠాత్తుగా ఆపకూడదు. రెండోది పంపులో చాలా అరుదు, బటన్ నొక్కి ఎక్కువ తీసుకునే వీలు మామూలు సెట్టింగులో ఉండదు, డాక్టరు ప్రోగ్రాం చేసిందే వస్తది. డోసు ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త పెరగడం మామూలే, మరీ పెరిగిపోతుంటే మందు మార్చాల్సొస్తుంది.

పోలీసు సంగతికి వస్తే, 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మన దేశంలో మార్ఫిన్ దొరకడమే గగనం అయిపోయింది, నల్లమందు పండించేదీ మనమే, గాజీపూర్లో, నీమచ్‌లో సర్కారు ఫ్యాక్టరీలు ఉన్నదీ మనకే, అయినా క్యాన్సర్ రోగి మార్ఫిన్ లేక అరుస్తాడు, ఇదెక్కడి న్యాయమో. 2014లో చట్టం సవరించి గుర్తింపు ఉన్న ఆసుపత్రులకి దారి కాస్త సులువు చేశారు. ఒంట్లో పంపు ఉన్న మనిషికి ఏ కేసూ లేదు, డాక్టరు కాగితం, పంపు కార్డు జేబులో ఉంటే చాలు. ఎయిర్‌పోర్ట్‌లో మెషీన్ కూస్తే అదే కార్డు.

సైడ్ ఎఫెక్టులు? ఎప్పుడు పరిగెత్తాలి?

మొదట్లో దురద, వికారం, మూత్రం రాకపోవడం, చెమటలు. కొందరికి కాళ్ళు వాస్తాయి, అది నెలల తర్వాత కూడా రావచ్చు. మగవాళ్ళకి మగతనపు హార్మోన్ తగ్గుద్ది, ఓపిక, కోరిక రెండూ పోతాయి, సిగ్గుపడి ఎవరూ చెప్పరు, రక్త పరీక్షతో తెలుస్తుంది, మందుంది, అడగండి.

గొట్టం కథ. నాన్న అడిగింది నిజమే, మెలిపడొచ్చు, జారొచ్చు, తెగొచ్చు. అప్పుడు నొప్పి మళ్ళీ పాతలా వచ్చేస్తది. ఇంకోటి, ఏళ్ళ తరబడి చిక్కటి మార్ఫిన్ పోస్తే గొట్టం కొసన కండ గడ్డలాగా పెరిగి వెన్నుపాముని నొక్కొచ్చు, గ్రాన్యులోమా అంటారు. అందుకని కొత్తగా ఇంకో చోట నొప్పి, కాళ్ళలో బలం తగ్గడం, మొద్దుబారడం, మూత్రం మీద పట్టు పోవడం వస్తే రేపు చూద్దాం అనుకోకూడదు. జ్వరంతో మెడ పట్టేసినా, పంపు మీద ఎర్రగా వాచి చీము పట్టినా అంతే. మనిషి లేపినా లేవకుండా, కంటిపాప సూదిమొనలా, ఊపిరి నిమిషానికి ఏడెనిమిదికి పడిపోతే 108కి ఫోన్ చేసి "వెన్నులో మార్ఫిన్ పంపు ఉంది, నలోక్సోన్ కావాలి" అని చెప్పండి, నలోక్సోన్ అంటే మార్ఫిన్‌కి విరుగుడు. మనవైపు పీహెచ్‌సీ డాక్టర్లు పంపు ఎప్పుడూ చూసుండరు, అది వాళ్ళ తప్పు కాదు. అందుకే పంపు కంపెనీ, మందు పేరు, ఎంత చిక్కన, రోజుకి ఎంత, వచ్చే రీఫిల్ ఎప్పుడు, డాక్టరు ఫోన్, ఇవన్నీ ఒక కాగితం మీద ఇంగ్లీషులో ఒకసారి ఒడియాలో ఒకసారి రాసి లామినేషన్ చేయించాం, ఒకటి నాన్న జేబులో, ఒకటి ఫ్రిజ్ మీద.

ఎంఆర్ఐ తీయించుకోవచ్చా? కాపడం, కట్టు, మాలిష్?

ఎంఆర్ఐ చాలా పంపులకి కుదురుతుంది, కొన్ని రకాలకి ముందు మందు పూర్తిగా తీసెయ్యాలి, కొన్ని మెషీన్లో ఆగి బయటికి రాగానే మళ్ళీ నడుస్తాయి. ముందు డాక్టరుకి చెప్పండి, తర్వాత పంపు చెక్ చేయించుకోండి. ఫిజియో సెంటర్లో షార్ట్‌వేవ్ డయాథర్మీ అనే వేడి కరెంటు మాత్రం అస్సలు వద్దు, పంపు ఉందని మీరే ముందు చెప్పాలి. వేడి నీళ్ళ సంచి పంపు మీద పెట్టొద్దు. నడుం తొక్కించుకోవడం, ఊరి వైద్యుడి దగ్గర మెలి తిప్పించుకోవడం మానండి, మా పెద్దనాన్న "ఒకసారి మా వాడు లాగితే సర్దుకుంటది" అని ఇప్పటికీ అంటాడు, మేం వినం.

పండక్కి ఒక పెగ్గు?

వద్దు. ఇప్పసారా, కల్లు, ఇంగ్లీషు సరుకు ఏదైనా ఒకటే. నిద్రమాత్రలు కూడా డాక్టర్ని అడక్కుండా వద్దు. మార్ఫిన్‌తో కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగొచ్చు.

క్యాన్సర్ ఉన్నోళ్ళకి ఇంత ఖర్చు పెట్టడం అవసరమా?

క్యాన్సర్ నొప్పిలోనే దీనికి బలమైన ఆధారం ఉంది. 2002లో వచ్చిన అధ్యయనంలో 202 మందిని రెండుగా విడగొట్టి కొందరికి మందులతో పాటు పంపు, కొందరికి మందులు మాత్రమే ఇచ్చారు, పంపు గుంపులో 84.5 శాతం మందికి, రెండో గుంపులో 70.8 శాతం మందికి ఉపశమనం వచ్చింది, మగత లాంటి బాధలు కూడా పంపు వాళ్ళకి తక్కువ. అయితే ఆయుష్షు కొద్ది నెలలే అనుకుంటే లోపల పంపు పెట్టకుండా గొట్టం మాత్రం వేసి, బయట చిన్న పంపుతోనో చర్మం కింద పోర్టుతోనో మందు ఇచ్చే పద్ధతి ఉంది, ఖర్చు చాలా తక్కువ. ఆ మాట అడిగితే గానీ చెప్పరు కొందరు.

ఖర్చు, కార్డుల సంగతి?

పంపు ఒక్కటే లక్షల్లో. బ్యాటరీ నాలుగు నుంచి ఏడేళ్ళు, తర్వాత మళ్ళీ పంపు మార్పిడి ఆపరేషన్, దాని డబ్బు ఇప్పట్నించే లెక్కలో ఉండాలి. రీఫిల్ మందు, రైలు, లాడ్జి, తోడు వచ్చేవాళ్ళ కూలి పోవడం విడిగా. బోర్డరోళ్ళకి ఇంకో మెలిక ఏంటంటే ఒడిశా రేషన్ కార్డు ఉన్నోళ్ళకి ఆంధ్రా ఆరోగ్య పథకం వర్తించదు, భాష ఒకటే అయినా కార్డు భాష వేరు కదా. 2025 నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ అమల్లోకి వచ్చింది, ఆ కార్డు వేరే రాష్ట్రంలో ఒప్పందం ఉన్న ఆసుపత్రిలోనూ చెల్లుతుంది, కానీ పంపు ప్యాకేజీలో ఉందా, రీఫిల్ కూడా ఉందా అన్నది అడ్మిట్ అవ్వకముందే రాతపూర్వకంగా అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే ముందస్తు అనుమతి లేకుండా కదలొద్దు.

మీ నాన్నగారు మళ్ళీ నేస్తున్నారా?

లేదు. గుంటలోకి దిగడు, దిగనివ్వం. తమ్ముడు నేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు, పడుగులో పోగు తెగితే కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని తనే ముడేస్తాడు. ఇరవై నిమిషాలు. తర్వాత లేచి నడుచుకుంటూ టీ కొట్టుకి వెళ్తాడు, మునుపు అక్కడికి ఆటో కట్టాల్సొచ్చేది. వచ్చే రీఫిల్ తారీఖు మగ్గం పక్క గోడ మీద సుద్దతో రాసుంది, చెరిపి మళ్ళీ రాసేది ఆయనే.